గుండు కొంచెం... గురి ఘనం!

వెయ్యి గజాలు. అంటే 914 మీటర్లు. పాతకాలపు లెక్కలో చెప్పాలంటే నాలుగున్నర ఫర్లాంగులు. అంత దూరంలో ఓ చట్రానికి కాగితం అంటించి, దాని మీద 20 అంగుళాల వ్యాసంతో ఒక వృత్తం గీస్తారు. నేల మీద బోర్లా పడుకుని ఆ వృత్తంలోకి ఒకటీ రెండూ కాదు, వరుసగా పదిహేను, ఇరవై గుండ్లు పంపాలి. లాంగ్‌రేంజ్ టార్గెట్ షూటింగ్ అంటే ఇదే.

ఈ ఆటలోకి కొత్తగా వచ్చేవాళ్లకి ఎదురయ్యే మొదటి ప్రశ్న... ఏ క్యాలిబర్ రైఫిల్ కొనాలి? దూరం ఎక్కువ కాబట్టి పెద్ద గుండు, దండిగా మందు ఉంటే సరిపోతుందని చాలామంది అనుకుంటారు. కానీ ఈ ఆట చరిత్ర చెప్పేది సరిగ్గా దానికి వ్యతిరేకం. గడిచిన నూట అరవై ఏళ్లలో దూరం తగ్గలేదు, గుండు మాత్రం సన్నబడుతూనే వచ్చింది!

పేరులో ఏముంది?

ముందుగా పేర్ల గందరగోళం తీరాలి. తూటా అంటే ఒక్క వస్తువు కాదు. ఇత్తడి గొట్టం, దాని అడుగున నిప్పురవ్వ పుట్టించే చిన్న మూత, లోపల మందు, ముందు భాగంలో గుండు... ఇవన్నీ కలిస్తే తూటా. క్యాలిబర్ అంటే స్థూలంగా ఆ గుండు దూసుకెళ్లే బ్యారెల్ లోపలి వ్యాసం. అమెరికా, బ్రిటన్‌లలో దీన్ని అంగుళాల్లో చెబితే ఐరోపా దేశాల్లో మిల్లీమీటర్లలో చెబుతారు. గజాల్లో కొలిచే దుకాణం పక్కనే మీటర్లలో కొలిచే దుకాణం ఉన్నట్టన్నమాట.

పోనీ ఆ అంకెలైనా కచ్చితంగా ఉంటాయా అంటే అదీ లేదు. .308 విన్‌చెస్టర్ అనే తూటాలో గుండు వ్యాసం అంగుళంలో వెయ్యింట 308 వంతులు, అంటే 7.82 మిల్లీమీటర్లు. దాదాపు దానికి కవల సోదరుడి లాంటి సైనిక తూటా పేరేమో 7.62 నాటో! 6.5 క్రీడ్‌మోర్ గుండును కొలిస్తే నిజానికి 6.7 మిల్లీమీటర్లు ఉంటుంది. ఇక గుండు బరువు చెప్పేది గ్రెయిన్లలో. ఒక గ్రెయిన్ సుమారు 65 మిల్లీగ్రాములు. 155 గ్రెయిన్ల గుండు అంటే పది గ్రాములే.

సన్నబడిన కథ

బ్రిటిష్ సైన్యం 1853లో తీసుకొచ్చిన ఎన్‌ఫీల్డ్ రైఫిల్ క్యాలిబర్ .577, అంటే పద్నాలుగున్నర మిల్లీమీటర్లకు పైమాటే. ఈ తుపాకీ మనకు చిన్నప్పటి చరిత్ర పాఠాల్లోంచే పరిచయం. 1857లో సిపాయిల తిరుగుబాటుకు నిప్పు రాజేసిన కొవ్వు పూసిన తూటాలు దీనివే. సరిగ్గా అదే ఏడాది బ్రిటన్‌లో జోసెఫ్ విట్‌వర్త్ అనే ఇంజినీరు తయారు చేసిన రైఫిల్‌ను ఎన్‌ఫీల్డ్‌తో పోటీకి నిలబెట్టారు. విట్‌వర్త్ క్యాలిబర్ .451. అంటే పదకొండున్నర మిల్లీమీటర్లే. అయినా దూరం పెరిగేకొద్దీ సన్న గొట్టపు తుపాకీయే ఎన్‌ఫీల్డ్‌ను చాలా వెనక్కి నెట్టేసింది.

1860లో లండన్ దగ్గర వింబుల్డన్‌లో జాతీయ రైఫిల్ పోటీలు మొదలైనప్పుడు తొలి గుండు పేల్చింది విక్టోరియా మహారాణి. స్టాండు మీద బిగించి 400 గజాల దూరంలోని గురికి సరిచూసి పెట్టిన విట్‌వర్త్ రైఫిల్‌కు పట్టు తాడు కట్టారు. ఆమె ఆ తాడు లాగడం, గుండు దాదాపు నడిబొడ్డునే తగలడం జరిగిపోయాయి. తర్వాత 1888లో .303 వచ్చింది. 1894లో స్వీడన్, నార్వేలు ఆరున్నర మిల్లీమీటర్ల తూటాను ఎంచుకున్నాయి. 1952లో .308 మార్కెట్లోకి అడుగుపెట్టింది. మధ్యలో పొగలేని మందు రావడంతో గుండు వేగం పెరిగింది, లావు తగ్గింది.

ఎందుకిలా? చేత్తో విసిరిన గులకరాయినీ, వింటి నుంచి వదిలిన బాణాన్నీ పోల్చి చూస్తే విషయం బోధపడుతుంది. రెండూ ఒకే బరువున్నా బాణం గాలిని చీల్చుకుంటూ పోతుంది. రాయి గాలితో కుస్తీ పడుతూ పోతుంది. ఒకే బరువున్న గుండును సన్నగా చేస్తే అది పొడవవుతుంది. ముక్కు కోసుగా, తోక కాస్త సన్నగా చెక్కితే గాలి అడ్డు ఇంకా తగ్గుతుంది. ఈ గుణానికి షూటర్లు పెట్టుకున్న పేరు బాలిస్టిక్ కోఎఫిషియెంట్. ఆ అంకె ఎంత ఎక్కువైతే గుండు తన వేగాన్ని అంత దూరం నిలబెట్టుకుంటుంది.

అసలు శత్రువు గాలి

.308 రైఫిల్ నుంచి సెకనుకు సుమారు 900 మీటర్ల వేగంతో బయల్దేరిన గుండు వెయ్యి గజాలు చేరడానికి ఒకటిన్నర సెకన్ల దాకా పడుతుంది. ఈలోగా భూమి దాన్ని కిందికి లాగుతూనే ఉంటుంది. వంద గజాలకు గురి సరిచూసిన రైఫిల్‌తో వెయ్యి గజాల దగ్గర కొడితే ఎనిమిది నుంచి పది మీటర్ల కింద తగులుతుంది. అంటే మూడంతస్తుల మేడ ఎత్తు!

విచిత్రమేమిటంటే అనుభవమున్న షూటర్లెవరూ దీనికి భయపడరు. భూమ్యాకర్షణ నిన్నా ఇవాళా ఒకటే. ఎంత కిందికి పోతుందో తెలిస్తే రైఫిల్ మీది స్క్రూ అన్ని మెట్లు తిప్పి సరిచేసుకోవచ్చు. గాలి అలా కాదు. తుపాకీ దగ్గర ఒకలా, మధ్య మైదానంలో ఇంకోలా, లక్ష్యం దగ్గర మరోలా వీస్తుంది. గంటకు 16 కిలోమీటర్ల గాలి అడ్డంగా వీస్తే .308 గుండు వెయ్యి గజాల దగ్గర రెండు మీటర్లకు పైగా పక్కకు పోతుంది. మంచి 6.5 గుండైతే అదే గాలికి ఇంచుమించు 1.75 మీటర్లు జరుగుతుంది.

ఆ తేడా విలువ ఎంతో తెలియాలంటే చిన్న లెక్క వేయాలి. పది పాయింట్ల వృత్తం వ్యాసం 20 అంగుళాలు. మధ్య నుంచి అంచుకు పాతిక సెంటీమీటర్లు. గాలి వేగాన్ని షూటర్ గంటకు ఒక్క మైలు, అంటే 1.6 కిలోమీటర్లు తప్పుగా అంచనా వేశాడనుకుందాం. .308తో గుండు మధ్య నుంచి దాదాపు 23 సెంటీమీటర్లు జరిగి అంచు మీదికి చేరుతుంది. చేయి వెంట్రుకవాసి కదిలినా పాయింటు పోయినట్టే. 6.5తో అదే తప్పు ఖరీదు 17, 18 సెంటీమీటర్లు. ఇంకా కాస్త చోటు మిగులుతుంది. క్యాలిబర్ చేసే సాయం అంతే. అది గాలిని ఆపదు, గాలి విషయంలో మనిషి చేసే పొరపాటును కొంతవరకు కాస్తుంది.

భుజానికి బరువు... బ్యారెల్‌కు మంట

అలాగైతే ఇంకా వేగంగా పోయే మాగ్నమ్ తూటా కొంటే పోలా? 1963లో వచ్చిన .300 విన్‌చెస్టర్ మాగ్నమ్ లాంటి వాటికి గాలిని ఎదిరించే శక్తి ఎక్కువే. కానీ ఆ శక్తి ఊరికే రాదు. .308 తూటాలో మందు మూడు గ్రాములైతే ఇందులో నాలుగున్నర గ్రాములకు పైనే ఉంటుంది. భుజానికి తగిలే ఎదురుతన్ను దాదాపు ఒకటిన్నర రెట్లు. ఒకటి రెండు దెబ్బలైతే ఎవరైనా ఓర్చుకుంటారు. పోటీ అంటే రోజంతా అరవై, డెబ్భై తూటాలు. పదో తూటా దాటాక శరీరం తనకు తెలియకుండానే దెబ్బ కోసం కాచుకుంటుంది. ట్రిగ్గర్ నొక్కే క్షణంలో కన్ను రెప్ప వేస్తుంది, భుజం బిగుసుకుంటుంది. గురి తప్పేది అక్కడే.

రెండో దెబ్బ జేబుకు. ప్రతి తూటా పేలినప్పుడూ మండే వాయువులు బ్యారెల్ మొదట్లో ఉక్కును పిసరంత కొరికేస్తాయి. ఎంత సన్న గొట్టంలో ఎంత ఎక్కువ మందు మండితే అరుగుదల అంత. షూటర్ల అనుభవంలో .308 బ్యారెల్ నాలుగైదు వేల తూటాల దాకా గురి నిలుపుకుంటుంది. 6.5 క్రీడ్‌మోర్‌ది రెండున్నర నుంచి మూడు వేలు. వేగానికి పేరుపడ్డ 6.5-284ది వెయ్యి పైచిలుకు మాత్రమే. ఏడాదికి వెయ్యి తూటాలు సాధన చేసే ఆటగాడికి మొదటి బ్యారెల్ నాలుగేళ్లు దాటి వస్తే, చివరిది ఏడాది తిరిగేసరికి మార్చాల్సిందే.

ఇంకో లెక్క వింటే ఆశ్చర్యమేస్తుంది. గుండు బ్యారెల్‌లో ఉండేది సెకనులో వెయ్యో వంతు కన్నా కొంచెం ఎక్కువ. ఆ క్షణాలన్నీ కూడితే ఐదు వేల తూటాలు కాల్చిన బ్యారెల్ పని చేసిన మొత్తం సమయం ఏడు సెకన్లు! వెయ్యి తూటాలకే అరిగిపోయేదాని ఆయుష్షు రెండు సెకన్లయినా ఉండదు.

రూలు పుస్తకం చెప్పిన తీర్పు

డబ్బున్నవాడు ఏడాదికో బ్యారెల్ మార్చుకుంటాడు, లేనివాడి సంగతేమిటి? ఆటలో గెలిచేది మనిషా, తుపాకీయా? ఈ ప్రశ్నకు సమాధానం వెతికే క్రమంలోనే నియమాలు పుట్టాయి.

వింబుల్డన్‌లో మొదలైన పోటీలు 1890లో ఇంగ్లండ్‌లోని సరే కౌంటీలో ఉన్న బిస్లీకి మారాయి. అక్కడ టార్గెట్ రైఫిల్ పోటీల్లో .308, దానికన్నా చిన్నదైన .223 తూటాలనే అనుమతిస్తారు. టెలిస్కోపు ఉండదు. చిన్న రంధ్రంలోంచి చూసి గురిపెట్టాలి. తుపాకీని ఆన్చుకోవడానికి స్టాండూ ఉండదు, చేతికి చుట్టుకున్న పట్టీయే ఆధారం. వెయ్యి గజాలకు అంతకన్నా మెరుగైన తూటాలు ఉన్నాయని నిర్వాహకులకు తెలియక కాదు. అందరి చేతిలో ఒకే రకం ఉంటేనే గాలిని ఎవరు బాగా చదివారో తేలుతుందని.

కెనడాకు చెందిన జార్జ్ ఫార్కర్‌సన్ ఇంకో దారి చూపించాడు. వయసు మీద పడి చూపు మందగించినంత మాత్రాన ఆట వదిలేయాలా అని ఆలోచించి, టెలిస్కోపుకూ స్టాండుకూ చోటిచ్చే విభాగానికి ప్రాణం పోశాడు. ఆయన పేరులోని తొలి అక్షరంతోనే అది ఎఫ్-క్లాస్ అయింది. సౌకర్యాలు పెరిగాయి కాబట్టి అమెరికాలో ఈ విభాగానికి పది పాయింట్ల వృత్తాన్ని 20 అంగుళాల నుంచి పదికి కుదించారు! ఇందులో రెండు శాఖలు. ఎఫ్-ఓపెన్‌లో ఎనిమిది మిల్లీమీటర్ల లోపు ఏ క్యాలిబరైనా సరే. ఎఫ్/టీఆర్‌లో మాత్రం .308, .223 తప్ప ఇంకేదీ కుదరదు. అందుకే కొత్తవాళ్లకి సీనియర్లు చెప్పే మొదటి మాట... 'ముందు పోటీ ఎంచుకో, తర్వాత క్యాలిబర్ ఎంచుకో'.

ఓ పేరు వెనుక పోటీ

ఎన్నో తూటాలుండగా ఈ మధ్య ఎక్కువగా వినిపించే పేరు 6.5 క్రీడ్‌మోర్. పోటీల్లో కాల్చేవాళ్ల కష్టాలు విని అమెరికాకు చెందిన హోర్నాడీ సంస్థ 2007లో దీన్ని తెచ్చింది. తన్ను తక్కువుండాలి, గాలికి నిలబడాలి, మామూలు పొడవు మ్యాగజీన్‌లో పట్టాలి, దుకాణంలో దొరకాలి... ఇదీ వాళ్ల కోరికల జాబితా. ఇందులో మందు .308 కన్నా తక్కువే. గుండు 140 గ్రెయిన్లు, అంటే తొమ్మిది గ్రాములు. మొదట్లో వేగం తక్కువైనా సన్నగా, పొడవుగా ఉండటం వల్ల చివరికొచ్చేసరికి .308ను దాటేస్తుంది.

క్రీడ్‌మోర్ న్యూయార్క్ దగ్గర ఒకప్పుడున్న రైఫిల్ మైదానం పేరు. 1874 సెప్టెంబరులో అక్కడ ఐర్లండ్, అమెరికా జట్లు తలపడ్డాయి. జట్టుకు ఆరుగురు. 800, 900, 1000 గజాల పోటీ. ఐర్లండ్ వాళ్లవి గొట్టం ముందు నుంచి మందు కూరే రిగ్బీ రైఫిళ్లు. అమెరికన్లవి వెనుక నుంచి తూటా పెట్టే రెమింగ్టన్, షార్ప్స్ తుపాకులు. గొట్టాల వ్యాసంలో పెద్ద తేడా లేదు. ఐరిష్ జట్టు సభ్యుడు మిల్నర్ కొట్టిన ఒక గుండు సరిగ్గా మధ్యలో తగిలింది... కాకపోతే పక్కవాళ్ల టార్గెట్‌కి! నాలుగు పాయింట్లు గాలికి పోయాయి. చివరి తూటా అమెరికా ఆటగాడు జాన్ బోడైన్‌ది. అంతకుముందే జింజర్ బీర్ సీసా పగిలి ఆయన చేయి తెగింది. రక్తం కారుతున్న చేతికి రుమాలు చుట్టుకుని కొట్టాడు. బుల్స్ ఐ! స్కోరు 934-931. తేడా మూడే పాయింట్లు. ఎవరి తుపాకీ గొప్పదో తేలుతుందని వచ్చిన జనానికి తేలిందేమిటంటే, ఆట మనిషి చేతిలోనే ఉందని.

గుండు కుదరకపోతే...

క్యాలిబర్ ఖాయమైతే సగం పనే అయినట్టు. ఒకే .308 రైఫిల్‌లో 168 గ్రెయిన్ల గుండు, 175 గ్రెయిన్ల గుండు వేరువేరుగా నడుచుకుంటాయి. సియెర్రా కంపెనీ 168 గ్రెయిన్ల గుండును 300 మీటర్ల పోటీల కోసం రూపొందించింది. అక్కడ దానికి తిరుగులేదు. వెయ్యి గజాలకు చేరేలోపు మాత్రం దాని వేగం ధ్వని వేగానికి, అంటే సెకనుకు సుమారు 340 మీటర్లకు దగ్గరపడుతుంది. అప్పుడు తిరిగే బొంగరం వేగం తగ్గి తూలినట్టు గుండు తూలిపోతుంది. ఎంతో శ్రద్ధగా పెట్టిన గురి ఆఖరి వంద గజాల్లో మట్టిపాలు.

బ్యారెల్ లోపలి మెలికల గాడులూ గుండుకు సరిపోవాలి. గుండు పొడవయ్యేకొద్దీ దాన్ని ఇంకా వేగంగా తిప్పాలి. తొలినాళ్ల .223 రైఫిళ్లలో గాడి పన్నెండు అంగుళాలకు ఒక చుట్టు తిరిగేది. దూరపు పోటీలకు వాడే 80 గ్రెయిన్ల పొడవాటి గుండుకు ఏడెనిమిది అంగుళాలకే ఒక చుట్టు కావాలి. అది చూసుకోకుండా కొంటే ఎంత ఖరీదైన తుపాకీ అయినా అలంకారానికే.

మన దగ్గర ఈ బెంగ లేదు

మనదేశంలో షూటింగ్ అనగానే గుర్తొచ్చేవి ఒలింపిక్ పోటీలు. 2012 లండన్‌లో హైదరాబాదీ గగన్ నారంగ్‌కు కాంస్యం తెచ్చిన పది మీటర్ల ఎయిర్ రైఫిల్‌లో పెల్లెట్ 4.5 మిల్లీమీటర్లు. యాభై మీటర్ల రైఫిల్ పోటీలో తూటా .22. క్యాలిబర్‌ను రూలు పుస్తకమే తేల్చేసింది, ఆటగాడికి ఎంపిక లేదు. 2002 కామన్వెల్త్ క్రీడల షూటింగ్ జరిగింది బిస్లీలోనే. అంజలీ భగవత్ నాలుగు స్వర్ణాలు గెలిచింది అక్కడే. 2010లో ఢిల్లీ ఆతిథ్యమిచ్చినప్పుడు దూరపు ఫుల్‌బోర్ పోటీలు గుర్గావ్ దగ్గర కాదర్‌పూర్‌లోని సీఆర్‌పీఎఫ్ రేంజిలో నిర్వహించారు.

మామూలు పౌరులకు మాత్రం 1959 నాటి ఆయుధాల చట్టమే హద్దు. సైన్యం, పోలీసులు వాడే తూటాలు పట్టే బోర్లు సామాన్యులకు నిషిద్ధం. అందుకే ప్రభుత్వ ఆర్డినెన్స్ ఫ్యాక్టరీలు పౌరుల కోసం .315 బోరు రైఫిల్ తయారు చేస్తూ వచ్చాయి. అంటే ఇక్కడ క్యాలిబర్ ఎంచుకునేది గురి కోసం కాదు, చట్టం కోసం!

ఇంతకీ ఏది కొనాలి?

అవకాశమున్న దేశాల్లో అనుభవజ్ఞులు చెప్పే వరుస ఇలా ఉంటుంది. మొదట ఏ పోటీలో దిగాలో తేల్చుకోవాలి. ఎఫ్/టీఆర్ అయినా, బిస్లీ తరహా టార్గెట్ రైఫిల్ అయినా .308తో మొదలుపెట్టడం సులువు. తూటాలు దొరుకుతాయి, బ్యారెల్ మన్నుతుంది. నియమాల గొడవ లేని పోటీలకు 6.5 క్రీడ్‌మోర్ మంచి మధ్యేమార్గం. ఎఫ్-ఓపెన్‌లో పతకం మీద కన్నున్నవాళ్లు .284 విన్‌చెస్టర్ లాంటి ఏడు మిల్లీమీటర్ల వైపు వెళతారు. బ్యారెల్ ఖర్చుకు సిద్ధపడే ఆ పని చేస్తారు. మాగ్నమ్‌లు తొలి తుపాకీగా ఎవరికీ తగవు.

ఆ తర్వాత మిగిలిన డబ్బు ఎక్కడ పెట్టాలన్నదే అసలు కిటుకు. ఇంకా ఖరీదైన రైఫిల్ మీద కాదు, తూటాల మీద. ఎందుకంటే గాలిని చదవడం పుస్తకంలో రాదు. రేంజి పొడవునా కట్టిన జెండాలు ఎటు, ఎంత ఎగురుతున్నాయో చూడాలి. ఎండ కాసినప్పుడు టెలిస్కోపులో కనిపించే ఎండమావి అలలు ఏ వైపు పరుగెడుతున్నాయో గమనించాలి. అలలు పక్కకు పారకుండా నిట్టనిలువుగా లేస్తున్నాయంటే గాలి ఆగిందనో, దిక్కు మారబోతోందనో తెలుసుకోవాలి. ఇదంతా కొన్ని వేల తూటాల చదువు.

1930లో బిస్లీలో కింగ్స్ ప్రైజ్ గెలిచిన తొలి మహిళ మార్జొరీ ఫోస్టర్. ఆ పోటీలో మగవాళ్లకు వేరే, ఆడవాళ్లకు వేరే అని లేదు. ఆమె చేతిలో ఉన్నది అందరి చేతుల్లోనూ ఉన్న .303 రైఫిలే. గాలి కూడా అందరికీ ఒక్కటే వీచింది. దాన్ని అందరికన్నా బాగా చదివింది మాత్రం ఆమె!